మామ గొంతుతో అడిగిన ప్రశ్న

నేల కింది వెలుగు: పదకొండో వారం

పోయినవారం మిమ్మల్ని మాపోసా మామ శవం పక్కన కూర్చోబెట్టి నా దారిన నేను లేచి వెళ్ళిపోయాను. పేజీ అయిపోయిందని పత్రికవాళ్ళు అన్నారు గానీ, నిజానికి అయిపోయింది నా ధైర్యం. ఇవాళ తప్పించుకునే దారి లేదు. అందుకే ముందు నా బాగోతం నేనే విప్పుతాను. ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకు కూడా నన్ను తిట్టుకోవడానికి వీలుగా ఉంటుంది.

నా పేరు గరికయి. మా ఊరు చిగాంగోలో చమురు కోసం బోరు వేసిన కంపెనీలో, నేల లోపలి నుంచి పైకొచ్చే రాతి పొడిని పరీక్షించి రాసేవాణ్ణి. చీకటి పెట్టెలో నీలి దీపం కింద ఆ పొడిని పెడితే, అందులో చమురు ఉంటే పసుపు రంగులో మెరుస్తుంది. ఒక మంగళవారం మెరిసింది. మెరవక చస్తుందా! ముందు రోజే బోరు గొట్టం లోపల ఇరుక్కుపోతే, దాన్ని వదిలించడానికి పన్నెండు పీపాల డీజిల్ పోశాం. మెరిసింది ఆ డీజిలే. "సోమవారం సంగతి రిపోర్టులో రాయకు. నెలలోపు ఇంకో పరీక్ష చేస్తాం కదా, అప్పుడు సరిచేద్దాం" అన్నాడు మా పెద్ద ఇంజనీరు. నేను రాయలేదు. 'చమురు ఆనవాళ్ళు స్పష్టంగా ఉన్నాయి' అని నాలుగు లైన్లు రాసి కింద సంతకం గిలికాను. ఇంకో పరీక్ష జరక్కముందే రేడియోలో వార్త వచ్చేసింది. ఇంజనీరు సెలవు పెట్టి విమానం ఎక్కాడు, మళ్ళీ మా దేశంలో దిగలేదు.

మాది సముద్రం లేని దేశం. మా బండ్లలో పోసుకునే ప్రతి చుక్కా తూర్పున ఉన్న పక్క దేశంవాళ్ళ రేవులో దిగి, తూర్పువాళ్ళ గొట్టంలో, తూర్పువాళ్ళ దయ మీద రావాలి. వాళ్ళకి కోపమొస్తే మా బస్సులు ఆగిపోతాయి. అలాంటి చోట 'మన కాళ్ళ కిందే చమురుంది' అని చెబితే జనం ఊరుకుంటారా? రాజధానిలో రోడ్లమీదికొచ్చి హారన్లు మోగించారు. తూర్పువాళ్ళు ఆ చమురు పొర తమ నేల కిందికి కూడా పాకుతుందని చెప్పి, సరిహద్దు రాళ్ళ దగ్గర సైన్యాన్ని దింపారు. మావాళ్ళూ దింపారు. ఒక పెద్ద దేశం వచ్చి, తూర్పువాళ్ళతో పని లేకుండా పడమటి సముద్రం దాకా గొట్టం వేసిపెడతామంది. ఇంకో పెద్ద దేశం వచ్చి, గొట్టం సంగతి తర్వాత, మీ సైనికులకు శిక్షణ ఇస్తాం, మాకో చిన్న విమానాల మైదానం ఇవ్వండి అంది. ఒకే వారంలో ముగ్గురు రాయబారులు మూడు రకాల మ్యాపులతో మా ఊరొచ్చి, మా రేగుచెట్ల కింద ఫొటోలు దిగి పోయారు. ముగ్గురి మ్యాపుల్లోనూ మా ఊరు లేదు.

మాపోసా మామ మా ఊరి పెద్ద, మా అమ్మకు అన్న. ఊరు ఖాళీ చేయమంటే ససేమిరా అన్నాడు. "మంత్రులు చెప్పేది నాకెందుకు? నా మేనల్లుడు చెప్పాలి" అన్నాడు. మాలో మేనమామ ఇంటి తగవుల్లో మధ్యవర్తి మేనల్లుడే. వాడిది వేరే వంశం, ఆ ఇంట్లో వాటా లేదు, అబద్ధం ఆడాల్సిన అవసరం లేదు. అందుకని వాడి మాటకు తిరుగులేదు. కంపెనీకి ఈ సంగతి నేనే చెప్పాను. వాళ్ళు మామను నా షెడ్డుకు పంపించారు. ఆయన చీకటి పెట్టెలోకి తొంగి చూసి టోపీ తీశాడు, పెద్దలకు దణ్ణం పెట్టినట్టు ఆ పెట్టెకు మెల్లగా చప్పట్లు కొట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇది నువ్వు నీ కళ్ళతో చూశావా?" అని అడిగాడు. "చూశాను మామా" అన్నాను. ఊరు మొత్తం పదకొండు కిలోమీటర్ల అవతల 'నాలుగో బ్లాకు' అని పేరుపెట్టిన ఉప్పునీళ్ళ నేలకు తరలింది. మామ రోజూ పొద్దున్నే పాత ఊరి కంచె దాకా నడిచి, నది వైపు కాసేపు చూసి వచ్చేవాడు. ఒక బుధవారం రాలేదు. దారిలో ఒక చెట్టు మొదట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడట.

కంపెనీ తరఫున వ్యవహారాలు చూసే గ్వతిజో, శవపేటికనూ రెండు ఎడ్లనూ వెంటపెట్టుకుని నాలుగో బ్లాకులో దిగాడు. చేతిలో ఒక కాగితం. పాత ఊళ్ళో ముప్ఫై నాలుగు సమాధులు తవ్వి తీయాలి, సోమవారం పని మొదలు. మామ పెద్దకొడుకు జకరాసి సంతకం పెట్టాలి. ఆ ముప్ఫై నాలుగింట్లో ఒకటి మా అమ్మది. "సమాధి పూడ్చగానే నువ్వే పక్కన నిలబడి పెట్టించు. నీ మాటంటే వాళ్ళకు గురి" అన్నాడు గ్వతిజో. నేను తలూపాను. అవును, తలూపాను! సరిగ్గా అప్పుడే సరిహద్దు వైపు ముళ్ళపొదల్లో ఎవరో గట్టిగా అరిచారు. మిమ్మల్ని అక్కడ వదిలేశాను.

అరిచింది రేవయి.

"ఏనుగు చచ్చిందంట కదా, ఎక్కడర్రా? ఒక్క కాలైనా కనపడదేం?" అంటూ వాకిట్లోకి వచ్చేసింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. నాలుగున్నర అడుగుల ఎత్తు కూడా ఉండదు. మోకాళ్ళ దాకా ముళ్ళు గీరిన గీతలు, ఒక కాలికి చెప్పు లేదు. శవపేటిక చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇంత బుల్లి పెట్టెలో ఏనుగు వంశం వాణ్ణి ఎలా కుక్కారు? తొండం మడిచారా?"

పొద్దుట్నుంచి ఏడ్చి ఏడ్చి గొంతులు పోయిన ఆడవాళ్ళు ఒక్కసారిగా నవ్వారు. నవ్వుతూనే మళ్ళీ ఏడ్చారు. ముచనెత అత్త, అంటే మామ భార్య, లేచి వచ్చి ఆమెను వాటేసుకుంది. "ఎలా వచ్చావే? దారి మూసేశారు కదా!"

"దారి మూశారు గానీ పొదలు మూయలేదుగా. రెండు రోజులు చుట్టూ తిరిగొచ్చాను. మీ సైనికులు ఒకసారి, మా సైనికులు ఒకసారి ఆపారు. మీవాడు నన్ను గూఢచారి అన్నాడు. మావాడూ గూఢచారి అన్నాడు. ఈ వయసులో ఇంత గిరాకీ వస్తుందని అనుకోలేదమ్మా!"

రేవయిది సరిహద్దు అవతలి ఊరు. మామకు ఆమె సహ్విర. తాతల నాటి నుంచి ఆ రెండు ఇళ్ళూ ఒకరి చావు ఒకరు చూసుకోవాలని ఒప్పందం. శవానికి స్నానం చేయించేది సహ్విర, గొయ్యి ఎక్కడ తవ్వాలో చూపించేది సహ్విర. చనిపోయినవాడి బట్టలు తొడుక్కుని, వాడి గొంతుతో మాట్లాడి, వాడి నడక నడిచి, ఇంటిల్లిపాదినీ ఎగతాళి చేసేదీ సహ్విరే. ఆ కాసేపు ఆమె ఎవర్ని ఏమన్నా చెల్లుతుంది, ఎవరూ కోపం తెచ్చుకోకూడదు, ఆమెను ఆపనూ కూడదు. సహ్విర రాకుండా మా వైపు శవం లేవదు. ఆమె వచ్చేదాకా అందరి దిగులూ అదే. చమురు పుణ్యమా అని సరిహద్దు మూసేశాక ఆమె ఇటువైపు ఇచ్చిన కూతుర్ని చూడటానికే రాలేకపోయింది, చావుకెలా వస్తుంది అనుకుని, స్నానమూ గొయ్యీ వేరేవాళ్ళతోనే కానిచ్చేశారు.

ఆమె లోపలికెళ్ళి మామ కోటు తొడుక్కుని వచ్చింది. కోటు మడమల దాకా వేలాడుతోంది. టోపీ చెవుల మీదికి దిగింది. చేతికర్ర నేల మీద మూడుసార్లు కొట్టి, గొంతు సవరించుకుని దగ్గింది. అచ్చం మామ దగ్గే అది.

"ముచనెతా! నా పొడుం డబ్బా ఎవడు కొట్టేశాడే?" అంది మామ గొంతుతో.

"ఎవడూ కొట్టేయలేదు, నువ్వే ఎక్కడో పారేసుకుని ఉంటావు. నలభై ఏళ్ళనుంచీ ఇదే గోల నాకు!" అత్త కళ్ళు తుడుచుకుంటూ కసిరింది. వాకిలంతా గొల్లుమంది.

"సరేలే. ఈ నల్ల కళ్ళద్దాల బాబు ఎవరు?"

గ్వతిజో కూడా మావాడే, పట్నంలో పెరిగినా పద్ధతి తెలిసినవాడు. ముందుకొచ్చి వంగి చప్పట్లు కొట్టాడు. "కంపెనీ నుంచి వచ్చాను తాతా."

"ఓహో! ఈ ఇత్తడి పిడుల పెట్టె నువ్వు కొన్నదేనా? భలే నున్నగా ఉంది నాయనా. బతికున్నప్పుడు ఒక బిందె మంచినీళ్ళు అడిగితే ఫారం నింపమన్నావు. ఫారం నింపితే ఫొటో అన్నావు. చచ్చాక అడక్కుండానే ఇంత పెట్టె ఇచ్చావు. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే ముందే చచ్చేవాణ్ణి కదయ్యా!"

మగవాళ్ళు తొడలు చరుచుకుని నవ్వారు. గ్వతిజో కూడా నవ్వాడు. నవ్వక చస్తాడా, అదీ పద్ధతే. నేను మాత్రం జనం వెనక్కి, వంటపాక చాటుకు జరుగుతున్నాను. అక్కడ పెద్ద కుండల్లో మొక్కజొన్న పిండితో సద్జా ముద్ద కెలుకుతున్న ఆడవాళ్ళు నన్ను చూసి, "ఇటెక్కడికి పిలగాడా, మగవాళ్ళలో నిలబడు" అని తరిమారు.

"కోతి వంశం వాడెక్కడ?"

అందరూ నా వైపు తిరిగారు. మా నాన్నది కోతి వంశం. చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో నా పేరు కోతి.

"ఇక్కడున్నా మామా" అన్నాను.

"దగ్గరికి రా. ఎంత చదువు చదివావురా! నేను నీ బడికి రెండు మేకల్ని అమ్మాను. ఆ మేకలు కూడా నీకంటే ధైర్యంగా నిలబడేవి. అలా వణుకుతావేం?"

జనం నవ్వారు. నేను ముందుకొచ్చాను. ఆమె కర్రతో నా గడ్డం పైకెత్తింది. టోపీ కింద ఆ ముసలి కళ్ళలో నవ్వు లేదు.

"ఒరే మేనల్లుడా. నేను పెద్దవాళ్ళ దగ్గరికి పోతున్నా. అక్కడ మా నాన్న అడుగుతాడు, ఊరెందుకు వదిలావురా అని. చమురు కోసం అంటాను. చూశావా అంటాడు. నా మేనల్లుడు చూశాడు అంటాను. తీరా పోయాక తప్పు చెప్పానంటే నా పరువుండదు. అందుకని ఇంకోసారి అడుగుతున్నా. నువ్వు చూశావా?"

అక్కడ నేను ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు. అది ఆట. 'చూశాను మామా, సముద్రమంత చూశాను' అంటే జనం చప్పట్లు కొడతారు, ఆట సాగిపోతుంది. నోట్లో ఆ మాటే తయారుగా ఉంది. కానీ పెట్టె పక్కన కూర్చున్న ముచనెత అత్త నా వంక ఎంతో నమ్మకంగా చూస్తోంది. ఆ చూపు చూడలేకపోయాను.

"లేదు మామా. నేను చూసింది డీజిల్" అన్నాను.

వాకిలి పేలిపోయింది. అంత నవ్వు నేను జన్మలో వినలేదు. ఒకడు నేలమీద పడి దొర్లాడు. "డీజిలంట! ఒరే కోతీ, చంపేశావురా!" అని ఎవరో నా వీపు మీద చరిచారు.

"నిజం మామా. గొట్టం ఇరుక్కుపోతే పన్నెండు పీపాలు పోశాం. అదే మెరిసింది."

"పన్నెండే! మా బస్సుకు ఒక్క పీపా దొరకదు, వీళ్ళు నేలకు పన్నెండు తాగించారంట!" అన్నాడు బస్సు డ్రైవరు. మళ్ళీ నవ్వులు. ఒక మనిషి ఉప్పునీళ్ళ డబ్బా తెచ్చి, "ఇదిగో డీజిల్, ఇదిగో డీజిల్" అంటూ అందరి మీదా చల్లాడు. జకరాసి, నా బావ, మూడు రోజులుగా నోరు విప్పని మనిషి, కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. "నాన్న ఉంటే ఎంత సంబరపడేవాడురా!" అన్నాడు నాతో.

గ్వతిజో నా పక్కకొచ్చి భుజం మీద చేయి వేశాడు. బయటికి నవ్వుతూనే ఉన్నాడు. "చాలా బాగా చేశావు. ఇక ఆపు" అన్నాడు చెవిలో.

ఇప్పుడు నేను చెప్పబోయేది రాయడానికి సిగ్గుగా ఉంది. అప్పుడు నాకు ఏమనిపించిందో తెలుసా? హాయిగా అనిపించింది. నాలుగు నెలలుగా గుండె మీదున్న బండ దిగిపోయినట్టనిపించింది. చెప్పేశాను కదా, అందరి ముందూ చెప్పాను కదా, వాళ్ళు నమ్మకపోతే నా తప్పా? రేపు ఎవరైనా అడిగితే, ఆ రోజే చెప్పాను, మీరే నవ్వారు అనొచ్చు. ఇంతకంటే మంచి దారి దేవుడు కూడా చూపించలేడు అనుకున్నాను. జకరాసి సంతకం పెడతాడు, సోమవారం సమాధులు తవ్వుతారు, నేను పట్నం వెళ్ళిపోతాను. నా మొహాన ఇంత నవ్వు కూడా వచ్చింది. ఛీ! మామ శవం ఆరడుగుల దూరంలో ఉంది, నేను నవ్వుతున్నాను.

గ్వతిజో అదే ఊపులో సంచిలోంచి కాగితం తీశాడు. "అందరూ సంతోషంగా ఉన్నారు కదా. జకరాసీ, మళ్ళీ మట్టి పనిలో పడితే చేతులు పాడైపోతాయి, ఇప్పుడే సంతకం చేసేయ్. నాన్నగారు మాట ఇచ్చిన పనేగా."

జకరాసి కళ్ళు తుడుచుకుంటూ, ఇంకా నవ్వుతూనే, కలం కోసం చేయి చాపాడు. "ఏదీ, ఎక్కడ పెట్టాలి? అత్త సమాధి కూడా ఇందులోనే ఉంది, తెలుసు కదరా కోతీ? సరే, నాన్న నీ మాట మీదే ఊరు వదిలాడు, నేను నీ మాట మీదే పెడుతున్నా."

వాడు అత్త అన్నది మా అమ్మని.

"పెద్దమ్మా, కోటు విప్పు" అన్నాను.

రేవయి కదల్లేదు. దగ్గర్లో ఉన్నవాళ్ళు నవ్వు ఆపేశారు. సహ్విరను ఆపడమా? అలాంటిది మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. వయసుమళ్ళిన ఒకాయన, "ఏమన్నావురా? బుద్ధుందా?" అని గద్దించాడు.

"కోటు విప్పు పెద్దమ్మా. మామకు చెప్పింది ఆటలో చెప్పాను. నీకు చెప్పాలి. వీళ్ళందరికీ చెప్పాలి."

ఆమె టోపీ తీసింది. కోటు గుండీలు ఒక్కొక్కటీ విప్పి, మడతపెట్టి, అత్త ఒళ్ళో పెట్టింది. అప్పుడు తన సొంత గొంతుతో, పొదల్లో నడిచి నడిచి బొంగురుపోయిన గొంతుతో, "చెప్పు" అంది.

చెప్పాను. ఏ సోమవారం గొట్టం ఇరుక్కుపోయింది, డీజిల్ ఎవరు పోయమన్నారు, నేను ఏం రాశాను, ఏం రాయలేదు. పెట్టెలో మామ చూసింది డీజిల్ వెలుగని, ఆయన అడిగినప్పుడు నాకు ఆ సంగతి తెలుసనీ చెప్పాను. కుండలు కెలికే ఆడవాళ్ళు కూడా తెడ్లు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. గ్వతిజో రెండుసార్లు అడ్డొచ్చాడు. "దుఃఖంలో మతి చలించింది, మేనమామంటే ప్రాణం కదా" అన్నాడు. రేవయి అతని వైపు తిరక్కుండానే, "నీ వంతు వచ్చినప్పుడు పిలుస్తాను బాబూ" అంది.

మొదట మాట్లాడింది అత్త. కేకలు వేయలేదు. కేకలు వేసినా బాగుండేది.

"మీ మామ ఉప్పునీళ్ళు తాగలేక గుక్కపట్టి దగ్గేవాడు గరికయీ. నేను తిట్టేదాన్ని, ఎందుకు ఒప్పుకున్నావు అని. ఆయన ఆ పెట్టె సంగతి చెప్పేవాడు. నేల కింద మిణుగురులున్నాయే, నేను చూశాను, మన పిల్లలు ఇంకొకరి గొట్టం కోసం చేయి చాపక్కర్లేదు అనేవాడు. చచ్చే ముందు రోజు కూడా అదే చెప్పాడు." ఒళ్ళో ఉన్న కోటును సవరించింది. "ఆ ఒక్క మాట మీద బతికాడు నాలుగు నెలలు. ఆయన పోయాక చెప్పావు చూడు, అది మాత్రం మంచి పని చేశావు."

నేను మోకాళ్ళ మీద కూలబడ్డాను. క్షమించమని ఏ మొహంతో అడుగుతాను?

జకరాసి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గ్వతిజో జేబులో దోపాడు. నా ముందుకొచ్చి, చొక్కా కాలరు పట్టుకుని లేపాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను. వాడు నన్ను వదిలేసి జనం వైపు తిరిగాడు.

"నాన్నని ఇక్కడ పూడ్చేది లేదు. ఊరికి తీసుకుపోతున్నాం. వాళ్ళ నాన్న పక్కన, నది దగ్గర పెడతాం."

"తవ్విన గొయ్యి ఖాళీగా వదలకూడదు బాబూ, అరిష్టం" అన్నాడు ఇందాకటి పెద్దాయన.

"అయితే వీణ్ణి పెట్టి పూడ్చండి!" జకరాసి నా వైపు వేలు చూపించాడు. ఎవరూ నవ్వలేదు. ఇద్దరు కుర్రాళ్ళు నిజంగానే నా వైపు ఒక అడుగు వేశారు.

"ఏనుగు కొలతకి తవ్విన గొయ్యిలో కోతిని పెడతారా? ఎంత చోటు దండగ!" అంది రేవయి. "అందులో ఒక దుంగ వేసి మట్టి కప్పండి, సరిపోతుంది. వీడితో పనుంది. శవానికి ముందు నడవాల్సింది మేనల్లుడే కదా. పద్ధతి మార్చారా ఏం?"

గ్వతిజో నన్ను పక్కకు లాగాడు. నల్ల కళ్ళద్దాలు తీసేశాడు. మొదటిసారి అతని కళ్ళలో భయం చూశాను. "నీకు పిచ్చి పట్టిందా? ఆ దారి సరిహద్దు రాళ్ళ పక్కనుంచి పోతుంది. ఆ వైపునుంచి గుంపు వస్తే ఒకసారి హెచ్చరించి కాల్చేయమని మన సైన్యానికి ఆర్డరుంది. చమురు కోసం తూర్పువాళ్ళు మనుషుల్ని మామూలు బట్టల్లో పంపిస్తారని వాళ్ళ అనుమానం. ఎనభై మంది పెట్టె మోసుకుంటూ వస్తుంటే ఏమనుకుంటారు? అందులో ఆయుధాలున్నాయనుకుంటారు!"

"ఫోన్ చేసి చెప్పు. చమురు లేదని చెప్పు."

"ఎవరికి చెప్పాలి? ఇక్కడ ఎవడి మాట ఎవడు వింటాడు? నీ కాగితం పట్టుకుని రెండు దేశాలు తుపాకులు గురిపెట్టుకుని కూర్చున్నాయి. లేదని నేను ఫోన్లో చెబితే లేచి ఇళ్ళకు పోతారా?" అతను కారెక్కి తలుపు వేసుకున్నాడు.

ఆ మాటలన్నీ జకరాసికి చెప్పాను, ఒక్కటి దాచలేదు. వాడు విని, "అయితే ముందు నువ్వుంటావుగా" అన్నాడు.

పెట్టె ఎత్తారు. ఎడమవైపు ముందు కొన నా భుజం మీద పెట్టారు. కుడివైపు జకరాసి. మామ బక్కమనిషే గానీ, ఆ పట్నం పెట్టె బరువు నా ఎముకల్లోకి దిగింది. అదీ మంచిదే అనుకున్నాను. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. ఎండ మాడుతోంది. రేవయి ఒంటి చెప్పు కూడా విసిరేసి మా పక్కనే నడుస్తోంది. దారిలో జకరాసి ఒకే ఒక్క మాట మాట్లాడాడు. "భుజం మార్చుకుంటావా?" అని అడిగాడు. వద్దన్నాను. వాడలా మామూలుగా అడిగేసరికి ఏడుపొచ్చింది.

మూడు కిలోమీటర్లు నడిచాం. మలుపు తిరగ్గానే అడ్డంగా కర్ర, ఇసుక బస్తాలు, వాటి వెనక పదిమంది సైనికులు. తుపాకులన్నీ మా మీదికి లేచాయి. పాట ఆగిపోయింది. ముందుకొచ్చిన సార్జెంటుకు ఇరవై ఐదేళ్ళుంటాయి. చేతిలో రేడియో.

"ఆగండి! అక్కడే ఆగండి! ముందున్నదెవరు? పేరు చెప్పు!"

"గరికయి. చిగాంగో బోరు దగ్గర పనిచేస్తాను. ఇది మా మామ శవం. ఇందులో ఇంకేం లేదు, తెరిచి చూసుకోండి. మీకో మాట చెప్పాలి, ఇక్కడ చమురు..."

నా మాట పూర్తికాలేదు. అతని మొహం విచ్చుకుంది. చటాలున కాళ్ళు దగ్గరకు చేర్చి నాకు సెల్యూట్ కొట్టాడు. "చమురు కనిపెట్టిన గరికయి గారా! సార్, మా అమ్మ పేపర్లోంచి మీ ఫొటో కత్తిరించి గోడకు అంటించుకుంది సార్. మన దేశం బాగుపడిందంటే ఈ బాబు వల్లే అంటుంది."

"అది అబద్ధం. చమురు లేదు. వినండి, చమురు లేదు!"

అతను వినలేదు. అప్పటికే రేడియోలో మాట్లాడుతున్నాడు. "అవును సార్, ఆయనే సార్, గుంపుకు ముందున్నారు. బలవంతంగా తెచ్చినట్టున్నారు సార్, ఏడుస్తున్నారు." అవతలి నుంచి బరబరమంటూ గొంతు వచ్చింది. పక్కనే ఉన్న నాకు స్పష్టంగా వినపడింది.

"ఆయనకు చిన్న దెబ్బ కూడా తగలకూడదు. ముందు ఆయన్ని పక్కకు లాగేయండి. మిగతావాళ్ళకు మూడు లెక్కపెట్టండి."

సార్జెంటు నా చేయి పట్టుకున్నాడు. ఎంతో మర్యాదగా పట్టుకున్నాడు. "పెట్టె వదిలేసి ఇటు వచ్చేయండి సార్. మీకేం భయం లేదు."

"ఏమంటున్నాడ్రా?" అని అడిగాడు జకరాసి, పెట్టె అవతలి నుంచి.

"ఒకటి" అన్నాడు సార్జెంటు.